వదిన జబ్బు

"మోకాలు," అంది దోమితిలా.

డాక్టర్ ఉగార్తె రాయబోతూ ఆగింది. "మోకాలా? మీతో వచ్చినావిడ బయట ఇంకేదో చెప్పారే."

దోమితిలా మెడ తిప్పి సొరాయిదా వంక గుర్రుగా చూసింది. సొరాయిదా దోమితిలా కూతురికి బాప్తిస్మంలో నిలబడ్డ జ్ఞానతల్లి, ఆ వరసతోనే ఒకరినొకరు వదినా అనుకుంటారు. పాయితా రేవులో చేపల బల్లలు ఇద్దరివీ పక్కపక్కనే. పొద్దున బల్ల కడుగుతూ "కింద దురదగా ఉంటోంది వదినా" అని దోమితిలా నోరు జారిందో లేదో, చేతిలో కత్తి లాక్కుని, ఏప్రన్ విప్పించి, ఆసుపత్రిదాకా ఈడ్చుకొచ్చిన మనిషి.

రేవులో దోమితిలా నోటికి జడవని వాళ్ళు లేరు. కుళ్ళిన చేప అంటగట్టబోయిన పడవ యజమానిని అమ్మమ్మల దాకా తవ్వి తిట్టి, అతని చేత టోపీ తీయించిన నోరు అది. ఆ నోరు ఇప్పుడు కూతురి వయసున్న డాక్టరు ముందు మోకాలి చాటున దాక్కుంది. 'నాకు సిగ్గు లేదంటారు అందరూ. ఉంది. కాకపోతే ఎవరికీ కనబడని చోట ఉంది' అనుకుంది తనలో తాను.

"మోకాలు కాదు డాక్టరమ్మా," అంది సొరాయిదా, కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోకుండానే. "ఈవిడ చెప్పదు. నేను చెబుతాను, రాసుకోండి. దురద. కింద. అలాంటిలాంటి దురద కాదు, ఒళ్ళు తెలియకుండా గోకించే దురద."

"ఎన్నాళ్ళనుంచి?"

"ఏళ్ళనుంచి."

'పది రోజులే కదే' అనబోయింది దోమితిలా.

"చర్మం తెల్లబడిపోయింది," సొరాయిదా ఆపలేదు. "సిగరెట్ కాగితంలా పలచగా, ముడతలుగా. ఇలా అంటే అలా చీరుకుపోతుంది. ఉచ్చకి వెళ్తే కారం చల్లినట్టు మంట. మొగుడు మీద చెయ్యి వేస్తే ఏడుపొస్తుంది. అది బాధనుకోడు ఆయన, తనంటే విసుగనుకుంటాడు. మందుల షాపువాడు ఫంగస్ అని ట్యూబుల మీద ట్యూబులు ఇచ్చాడు. ఏదీ పని చెయ్యలేదు."

దోమితిలా నోరు తెరుచుకుని వింటోంది. ఏం నటన. బేరంలో చేప పొడవు పెంచి చెప్పడం ఈవిడకు అలవాటేగానీ, పక్కమనిషి దురదని కూడా ఇంత పెంచగలదనుకోలేదు. పైగా ఈవిడ కళ్ళల్లో ఆ నీళ్ళొకటి. 'నా మీద ఇంత ప్రేమ ఉన్నదాన్ని నిన్న తూకంరాయి దగ్గర దొంగముండా అన్నానే' అని నొచ్చుకుంది కూడా.

డాక్టరు కలం పక్కన పెట్టింది. "మీరు చెప్పింది వింటే లైకెన్ స్క్లెరోసస్ అనిపిస్తోంది. చర్మం జబ్బు. ఫంగస్ కాదు, అంటుకోదు, ఎవరి తప్పూ కాదు. బహిష్టులు ఆగిపోయిన ఆడవాళ్ళకి ఎక్కువగా వస్తుంది, సిగ్గుపడి దాచుకుంటారు. పూర్తిగా పోదు గానీ, సరైన పూతమందు క్రమం తప్పకుండా రాస్తే అదుపులో ఉంటుంది. వదిలేస్తే మాత్రం ఎప్పుడో ఒకరికి క్యాన్సర్‌గా మారొచ్చు. కళ్ళతో చూడాలి. అనుమానంగా ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతాను. పదండమ్మా, తెర వెనక్కి."

క్యాన్సర్ అనే మాట వినేసరికి దోమితిలా సిగ్గు ఎటు పోయిందో తెలియదు. బల్ల ఎక్కి, కళ్ళు గట్టిగా మూసుకుని, తెలిసిన పునీతులందరినీ పేరుపేరునా పిలిచింది. ఇన్నాళ్ళు తలుచుకోనందుకు వాళ్ళేమనుకుంటారోనని ఆ భయమొకటి.

డాక్టరు దీపం దగ్గరికి లాగింది. చూసింది. మళ్ళీ చూసింది.

"ఇక్కడ తెల్లమచ్చలేమీ లేవే. చీలికలూ లేవు. కాస్త ఎర్రబడింది, అంతే. దేనితో కడుక్కుంటున్నారు?"

దోమితిలా కళ్ళు తెరవలేదు. "బట్టల సబ్బుతో."

"బట్టల సబ్బా?"

"పైన కాస్త నిమ్మరసం. చేపల వాసన పోవాలని."

డాక్టరు నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. "అవి రెండూ మానేస్తే వారంలో తగ్గుతుంది. మీకు ఏ జబ్బూ లేదు."

దోమితిలాకి ప్రాణం లేచొచ్చింది. ప్రాణంతోపాటు రేవు గొంతూ తిరిగొచ్చింది. "వింటున్నావా వదినా? లేనిపోని మచ్చలూ చీలికలూ నాకు అంటగట్టి, నా గుండె ఆగిపోయేలా చేశావు కదే. ఎవతె జబ్బే అది?" అంటూ చెయ్యి చాచి తెర సర్రున లాగింది.

తెర అవతల సొరాయిదా అప్పటికే చెప్పులు విడిచి, తల వంచుకుని, లంగా బొందు ముడి విప్పుకుంటోంది.

"దిగు వదినా," అంది మెల్లగా. "చెప్పుకోడానికైతే నిన్ను అడ్డం పెట్టుకున్నాను. చూపించుకోడానికి నేనే ఎక్కాలిగా."