చూద్దాం

పెద్దవాళ్ల టూరు మొదటిరోజున బస్సు బొర్రా గుహల దగ్గర ఆగింది. డెబ్భై దాటినవాళ్లను లోపలికి వదలాలంటే తోడొచ్చినవాళ్లు సరేననాలి. ఇళ్లలో గోడలు విన్న మాటలన్నీ గేట్లకు చేరే, గేట్లే మనుషుల్లా మాట్లాడే రోజులవి.

"అమ్మా, జోగారావుగారిని పంపమంటారా?" అని గేటు ఆయన భార్య వకుళను అడిగింది.

"దాన్నడిగేదేంటి? తియ్!" అన్నాడు జోగారావు.

ఈ గుహలు చూపించమని వకుళ ముప్పైఎనిమిదేళ్లు అడిగింది. ఆయన పేపరులోంచి తలెత్తకుండా ప్రతిసారీ ఒకే మాట అనేవాడు. ఆ మాటే ఇప్పుడామె కొంగు సర్దుకుంటూ తాపీగా అంది.

"చూద్దాం."

"మీ ఇంట్లో దానర్థం తెలుసమ్మా. మీరు రండి," అని గేటు ఆమెను రానిచ్చి, ఆయన ముక్కు ముందు మూసుకుంది.

"ఏంటే ఇది! నేనిక్కడేం చెయ్యను?"

"బస్సులో పేపరుంది, చదువుకోండి."