నాలుగో నట్టు

పిల్లల్ని బడి కాడ దింపొచ్చి, బహదూర్‌పురా గల్లీల ఇంటి ముందు డానియేలు కారుకు జాకీ పెట్టిండు. చక్రాలు ఊడదీసి లోపలి బురదంతా కడుగుదామనుకున్నడు. ముందు చక్రానికి మూడు నట్లు మెరుస్తున్నయి, నాలుగోది తుప్పు పట్టి ఉంది. అది తనది కాదు.

ఆ పొద్దు తెల్లారంగనే పక్కింటి షాహెద్ ఆ చక్రం కాడ కూసొని ఉండుడు తను కిటికీలకెల్లి చూసింది యాదికొచ్చింది. కార్లు పెట్టుకునే జాగ కోసం లొల్లయి ఇద్దరికీ రెండేండ్ల సంది మాటల్లేవు. ఇద్దరివీ ఒకే రకం కార్లు.

డానియేలు ఉరికిపోయి పక్కింటి తలుపు కొట్టి, బయటికొచ్చిన షాహెద్ కాలర్ పట్టిండు. "దొంగ! నా మంచి నట్టు గుంజుకొని నీ పాతది పెడ్తవా?"

"చెయ్యి తియ్! నీ చక్రానికి ఉన్నయే మూడు, అవి గూడ లూజు. పిల్లల్ని ఎక్కించుకొని పోతవని బిగించిన. నాలుగోది నా కారుది తీసి పెట్టిన."

డానియేలు షాహెద్ కారు దిక్కు చూసిండు. దాని ముందు చక్రానికి మూడే నట్లున్నయి.

చెయ్యి వదిలిండు. "మరి నాకు చెప్పొచ్చు గద?"

"చెప్పాల్నంటే నీతోని మాట్లాడాలె" అని షాహెద్ తలుపేసుకున్నడు.