ముందు వరసలో విలేకరి

మెడలో విలేకరి పాసు వేసుకొచ్చినవాడెవడో సాఫ్ట్‌వేర్ కంపెనీ హాల్లోంచి ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని దర్జాగా నడిచి వెళ్లిపోయాడు. కంపెనీ సభ పెట్టి విడుదల చేసే కొత్త కంప్యూటర్ ప్రోగ్రాం మొత్తం దాంట్లోనే ఉంది. బయటికి పొక్కితే పరువు పోతుందని కంపెనీ ఈ సంగతి పోలీసులకి తప్ప ఎవరికీ చెప్పకుండా గుట్టుగా ఉంచింది. పొద్దున్నే ఒక ఇన్‌స్పెక్టర్ పేపరు చేత్తో పట్టుకుని టెక్నాలజీ విలేకరి ఇంటి బెల్లు కొట్టాడు.

విషయం చెప్పి, "పాసులున్న విలేకరులందర్నీ అడుగుతున్నాం. నిన్న సాయంత్రం మీరెక్కడున్నారు?" అన్నాడు.

విలేకరికి ముచ్చెమటలు పోశాయి. దొంగతనం చేసినందుకు కాదు. నిన్న సాయంత్రం అతను ఇదే సోఫాలో, ఇదే దిండు మీద గుర్రుపెట్టి నిద్రపోయాడు.

సభ ఉందంటే కంపెనీ ముందే ప్రెస్ నోట్ పంపుతుంది. ఛైర్మన్ ఏం మాట్లాడబోతాడో అందులో ఉంటుంది. 'మాట్లాడబోతాడు' కొట్టేసి 'మాట్లాడాడు' అని రాసి, పైన కాసిని చప్పట్లు చల్లితే వార్త తయారు. ఈ మాత్రానికి ట్రాఫిక్‌లో పడి చావడమెందుకు? నిన్నటి సభ వార్త కూడా అలాగే రాసి పంపేశాడు. కంపెనీ గొప్పలు కంపెనీయే రాసి పంపితే, కింద తన పేరు వేసుకోవడమే విలేకరి పని అనుకునే రకం. అతను చూసిన సభల కన్నా రాసిన సభలే ఎక్కువ. సాఫ్ట్‌వేర్ రంగాన్ని ఔపోసన పట్టినవాడని మాత్రం పేరొచ్చింది.

కానీ వాళ్ల ఎడిటర్ మొండిఘటం. వెళ్లని సభకి వెళ్లినట్టు రాసిన ఒక రిపోర్టర్ని కుర్చీలోంచి లేపి గుమ్మం దాకా తనే సాగనంపాడు. ఈ విలేకరికేమో ఇవాళో రేపో టెక్నాలజీ విభాగం మొత్తం అప్పజెప్పబోతున్నాడు. ఇంట్లో పడుకున్నానంటే దొంగతనం నింద పోతుంది. దాని వెంటే ఉద్యోగమూ పోతుంది.

"హాల్లోనే ఉన్నాను సార్. ముందు వరసలో" అన్నాడు విలేకరి.

వంటింట్లోంచి భార్య పరుగెత్తుకొచ్చింది. మొగుణ్ణి ఎక్కడ లోపలేస్తారో అని ఆవిడ భయం ఆవిడది.

"ముందు వరసేంటండీ! ఈయన సోఫా దిగితే ఒట్టు సార్. గురక పక్కింటికి కూడా వినపడింది. కావాలంటే అడగండి."

"అది మొన్నే!"

"మొన్న కూడా."

ఇన్‌స్పెక్టర్ నవ్వు ఆపుకున్నాడు. "ఇద్దరిలో ఎవరి మాట నమ్మమంటారు?"

"ఆవిడకి మతిమరుపు సార్."

"నాకా? పెళ్లికి ముందు మీరు చెప్పిన అబద్ధాలన్నీ వరసపెట్టి అప్పజెప్పగలను. మొదలెట్టనా?"

విలేకరి మెల్లగా ఆవిడ కాలు తొక్కాడు. "కాలెందుకు తొక్కుతున్నారు?" అని ఆవిడ పైకే అడిగేసింది.

ఇన్‌స్పెక్టర్ పేపరు విప్పాడు. "ఛైర్మన్ బాగా మాట్లాడాడని రాశారు."

"బాగానా! అదరగొట్టేశాడు సార్."

"ప్రోగ్రాం స్టేజీ మీద పనిచేసిందా?"

"చిటికెలో తెరుచుకుంది. జనం నోళ్లు వెళ్లబెట్టారు."

"ఒకాయన ఆనందంతో కళ్లు తుడుచుకున్నాడని కూడా ఉంది."

"నా పక్క సీటే సార్. రుమాలు నేనే ఇచ్చాను."

"ఈయనకి రుమాలే లేదు సార్!" అని భార్య నెత్తి కొట్టుకుంది.

విలేకరి వినిపించుకోలేదు. అబద్ధం రుచి మరిగిన నోరు ఊరుకుంటుందా? "సభయ్యాక ఆ తోపులాటలో కొట్టేసుంటారు సార్. పాపం, ఛైర్మన్ ఎంత సంబరంగా ఉన్నాడో!" అంటూ ఛైర్మన్ మీద జాలి కూడా పడ్డాడు. అప్పటికీ ఇన్‌స్పెక్టర్ మొహంలో ఏమీ కనపడకపోయేసరికి ఫోను తీసి ఎడిటర్‌కి కలిపి స్పీకర్ పెట్టాడు.

"సార్, ఇంటికి ఇన్‌స్పెక్టర్ గారొచ్చారు. నిన్న నేను సభలో ఉన్నానో లేదో మీరే చెప్పండి."

"ఉన్నావో లేదో ఏంటోయ్!" ఎడిటర్ గొంతు గదంతా మోగింది. "ఇంకే పేపర్లోనూ ఆ సభ గురించి ఒక్క ముక్క లేదు. మనకొక్కళ్లకే వచ్చింది. మిగతావాళ్లంతా గాడిదలు కాస్తున్నారా అని పొద్దుట్నుంచీ నవ్వుకుంటున్నాను. తొందరగా ఆఫీసుకి రా, విభాగం నీకిచ్చేస్తున్నాను."

విలేకరి ఛాతీ ఉబ్బింది. ఒక్క దెబ్బకి రెండు పిట్టలు. నింద పోయింది, పదవి వచ్చింది.

భార్య కూడా మెత్తబడింది. "ఏమో సార్, నేనే పొరబడ్డానేమో. ఈయన సోఫాలో లేనప్పుడు కూడా నాకు ఉన్నట్టే అనిపిస్తుంది" అంది. మొగుడు బయటపడితే ఆవిడకి అంతే చాలు.

ఇన్‌స్పెక్టర్ పేపరు మడిచి లేచాడు. "మీరు దొంగ కాదు సార్. ఆ అనుమానం నాకు పూర్తిగా తీరిపోయింది."

"విన్నావా?" అన్నాడు విలేకరి భార్యతో.

"దొంగకి తప్పకుండా తెలిసే సంగతి ఒకటుంది. అది మీకు తెలీదు."

"ఏంటది?" ఫోన్లోంచి ఎడిటరే అడిగాడు.

ఇన్‌స్పెక్టర్ మర్యాదగా ఫోను దగ్గరికి వంగాడు. "ల్యాప్‌టాప్ ముందే పోయింది కదండీ, వచ్చినవాళ్లందర్నీ గేటు దగ్గర్నుంచే తిప్పి పంపేశారు. నిన్న అసలు సభ జరగనే లేదు."