జమున బీపీ

దేవదాస్ గడ్డం ఛాతీ దాకా పెరిగింది. లాక్‌డౌన్‌లో మంగలి దొరక్క కాదు, జమున కడుపుతో ఉందని.

కాన్పయ్యే దాకా మొగడు కత్తి ముట్టొద్దు, కొబ్బరికాయ కొట్టొద్దు, శవాన్ని మోయొద్దు. అతనికి ఏమైనా అది పెళ్లానికీ తగులుతుంది. ఉధ్నాకు వలసొచ్చిన మగ్గం పనివాళ్లకు వండిపెట్టే గంగవ్వ చేసిన చట్టమిది. ఆమె మాట కాదన్నవాళ్లకు ఆ పూట పప్పు నీళ్లలా వస్తుంది. అందుకే ఎవరూ కాదనరు.

ఆ పొద్దున దేవదాస్ గంగవ్వ దగ్గరికి పరుగున వచ్చాడు.

"పెద్దమ్మా, జమునకు తల పలిగిపోతున్నదట. కండ్లు మసకలైతున్నయంటున్నది. మొఖం, చేతులు ఉబ్బినయట."

పక్కగది తిరుపతయ్య వెంటనే తెలుగు డాక్టరమ్మ విజేతకు ఫోన్ కలిపాడు. ఆమె గబగబా అడిగింది. తొలి కాన్పేనా? అవును. వాళ్లమ్మకు అప్పట్లో బీపీ పెరిగిందా? పెరిగింది, ఫిట్స్ కూడా వచ్చాయి.

"అయితే ఆలస్యం చేయకండి. బీపీ చూపించండి, ఆస్పత్రికి తీసుకెళ్లండి. అశ్రద్ధ చేస్తే తల్లికీ బిడ్డకీ ప్రాణం మీదికొస్తుంది."

దేవదాస్‌కు కాళ్లూ చేతులూ ఆడలేదు. గంగవ్వకు మాత్రం అన్నీ ఆడాయి.

"దవాఖాన నిండ కరోనా ఉన్నది. ముందుగాల బీపీ మనమే చూద్దాం. ఎక్కువుంటే అప్పుడు పోవచ్చు."

తిరుపతయ్య మెడికల్ షాపు వాణ్ని బతిమాలి మిషన్ తెచ్చాడు. గంగవ్వ దానికి శానిటైజర్ రాసి, బొట్టు పెట్టింది. చాప పరిచి, ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టారు. కాళ్ల కింద దిండు పెట్టారు. గదిలోని వాళ్లంతా మాస్కులు బిగించి గోడకు అతుక్కున్నారు.

"ఏం గాదు, జర నిమ్మళంగ ఉండు," అంటూ గంగవ్వ నుదురు నిమిరింది.

చేతికి పట్టీ బిగుసుకుంది. మిషన్ బుసబుసలాడి ఆగింది. తిరుపతయ్య కళ్లద్దాలు సవరించుకుని చదివాడు.

"నూట ఇరవై, ఎనభై."

నమ్మకం కుదరక మళ్లీ చూశారు. మళ్లీ అంతే. దేవదాస్‌కు కళ్లనీళ్లు ఆగలేదు. ఒకరు చాయ్ పెడతానన్నారు. ఇన్నాళ్ల తర్వాత ఆ గదిలో నవ్వులు వినబడ్డాయి.

గంగవ్వ అక్కడే కూర్చుని, ఎక్కడో జగిత్యాల పక్క పల్లెలో ఉన్న జమునకు ఫోన్ చేసి, "బిడ్డా, నువ్వు దవాఖానకు పోవద్దు, నీ మొగనికి కట్టి చూసినం, నీ బీపీ మంచిగనే ఉన్నది," అని చెప్పింది.