ఎర్ర గీత

"ఎవడు విప్పమన్నాడురా ఆ కవరు?"

పెద్ద మేస్త్రి షెడ్డు గుమ్మంలోంచే అరిచాడు. ఆయన పక్కన కారు ఆసామి ఉన్నాడు. మూడు నెలలుగా మూగబోయిన తన పాత కారు ఇవాళ నోరు విప్పుతుందని ఆయన పొద్దున్నే వచ్చేశాడు. కారు ముందు మోకాళ్ల మీద కూర్చున్న తమ్ముడు స్పానరు పట్టుకుని బిగుసుకుపోయాడు. నిన్న సాయంత్రం అన్న స్వయంగా బిగించి వెళ్లిన టైమింగ్ కవరు ఇప్పుడు కింద గోనెపట్టా మీద ఉంది.

"కవరు కింది గాస్కెట్ సరిగ్గా కూర్చోలేదేమోనని, అన్నయ్యా..."

"నేను పెట్టిన గాస్కెట్ కూర్చోకపోవడమా? చెప్పే అబద్ధమన్నా అతికినట్టు చెప్పు."

పాత కార్ల ఇంజన్లకి పెద్ద మేస్త్రి పెట్టింది పేరు మరి. కళ్లజోడు పెట్టుకోమని ఇంట్లో పోరితే, "నా కళ్లు నా వేళ్ల కొసల్లో ఉన్నాయి" అని కొట్టిపారేసే మనిషి.

ఆ కవరు వెనక రెండు గేర్లు ఉంటాయి. కింద చిన్నది, పైన వాల్వుల్ని ఆడించే క్యామ్ షాఫ్ట్‌ది పెద్దది. రెండింటి మీదా ఆవగింజంత చుక్క చెరొకటి. ఆ చుక్కలు ఎదురెదురుగా వచ్చేలా పళ్లు కలపాలి. రెండు పళ్లు తప్పాయంటే వాల్వులు వెళ్లి పిస్టన్లకి తగులుతాయి, ఇంజన్ చస్తుంది. పెద్ద మేస్త్రి చుక్కల్ని వేలితో తడిమి, పళ్లు కలిపి, రెండు గేర్ల మీదుగా ఎర్ర రంగుతో ఒక గీత గీస్తాడు. అది ఆయన సంతకం. ఆ తర్వాత భోజనానికీ, కునుక్కీ ఇంటికి పోతాడు. కవరు మూయడం తమ్ముడి వంతు. ఆసామి ఎక్కడెక్కడో వెతికి తెచ్చిన ఈ కొత్త క్యామ్ షాఫ్ట్ లాంటిది ఇంకొకటి దొరకదని, ఈ ఒక్క కారుకి మాత్రం కవరు కూడా పెద్ద మేస్త్రే బిగించాడు.

ఆయన వంగి, కళ్లు చికిలించి చూశాడు. ఎర్ర గీత తెగి ఉంది. కింది సగం ఒకచోట, పై సగం రెండు పళ్ల అవతల.

"నా గీత కదిపావా!"

తమ్ముడు లేచి నిలబడ్డాడు. ఓరగా ఆసామి వంక చూశాడు.

"సార్ వెళ్లాక చెప్తాను అన్నయ్యా. మనిద్దరం మాట్లాడుకుందాం."

"ఆయన ముందే చెప్పు. ఎందుకు కదిపావ్?"

తమ్ముడు స్పానరు గోనెపట్టా మీద పెట్టేశాడు.

"చూశారా సార్? ఈ కారు మొరాయిస్తే, అన్న పనైపోయిందని ఊరంతా టాంటాం వేసుకోవచ్చు. షెడ్డు వీడి చేతికొస్తుంది. తోడబుట్టినవాడే గోతులు తవ్వుతుంటే ఇంక ఎవణ్ణి నమ్మాలి?"

"తొందరపడకు మేస్త్రీ, అతను చెప్పేదేదో విను" అన్నాడు ఆసామి.

"వినేదేం లేదు. ఒరేయ్, నీ సామాన్లు తీసుకుని నడువు. మళ్లీ ఈ గడప తొక్కావంటే కాళ్లు విరగ్గొడతా."

తమ్ముడు చేతులు తుడుచుకున్నాడు. మీసాలు రాకముందు నుంచీ ఆ షెడ్డే అతనికి బడి, ఇల్లు, లోకం. ఇంకో చోట పనిచేసి ఎరగడు. టూల్ బాక్సు మూయబోయి ఆగాడు.

"పోతాను. గేరు మాత్రం ముట్టుకోకు అన్నయ్యా. కాదూ కూడదంటావా, స్టార్ట్ చేసే ముందు హ్యాండిల్ వేసి ఇంజన్ని చేత్తో రెండు చుట్లు తిప్పి చూడు. నీ కాళ్లు పట్టుకుంటాను."

"నాకే పాఠాలా? ఫో!"

పోయాడు. మేకుకున్న పని చొక్కా కూడా తీసుకోలేదు.

పెద్ద మేస్త్రి పై గేరు విప్పాడు. పళ్లు జరిపి, తెగిన గీతని మళ్లీ తిన్నగా కలిపాడు.

"చుక్కలు కూడా ఒకసారి చూసుకో మేస్త్రీ" అన్నాడు ఆసామి నసుగుతూ.

"చుక్కలు చూసి గీసిందే కదా సార్ ఆ గీత."

కవరు బిగిసింది. హ్యాండిల్ గోడకి ఆనించి ఉంది. దాంతో తిప్పి, లోపల ఏదీ తగలడం లేదని చూసుకోనిదే ఏ ఇంజన్నీ స్టార్ట్ చేయడాయన. అలవాటు కొద్దీ చెయ్యి అటు వెళ్లింది. అంతలో తమ్ముడి మాట గుర్తొచ్చి ఒళ్లు మండింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఎక్కి తాళం తిప్పండి సార్!"

ఇంజన్ ఒక్కసారి గుర్రుమంది. వెంటనే లోపల ఇనుమూ ఇనుమూ కొట్టుకున్న చప్పుడు. ఫట్‌మని ఏదో విరిగింది. కారు ఒక్క కుదుపు ఇచ్చి ఆగిపోయింది. ఆసామి స్టీరింగ్ వదల్లేక అలాగే కూర్చుండిపోయాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

పెద్ద మేస్త్రి కవరు మళ్లీ విప్పాడు. కొత్త క్యామ్ షాఫ్ట్ మెడ దగ్గర రెండు ముక్కలై ఉంది.

"వాడే సార్! పోతూ పోతూ ఏదో చేసే పోయాడు, దుర్మార్గుడు!"

షెడ్డు వెనకే ఇల్లు. ఆ చప్పుడుకి ఆయన భార్య పరుగున వచ్చింది.

"ఏమైందండీ? మరిది ఏడి?"

"తరిమేశాను. దొంగచాటుగా కవరు విప్పి నా గీత కదిపాడు. తిరిగి నేను సరిచేశాను. అయినా ఇంజన్ పోయింది."

ఆమె విరిగిన క్యామ్ షాఫ్ట్‌ని చూసింది. మేకుకి వేలాడుతున్న చొక్కాని చూసింది.

"మీకు చెప్పనని తనకి మాటిచ్చానండీ" అంది. "మీ చూపు మందగించిన ఈ రెండేళ్లలో, మీరు కునుకు తీసిన ప్రతి మధ్యాహ్నం, తను చుక్కలు కలిసేలా మీ గీత కదిపాకే కదా కవరు మూసింది!"