కడిగిన సైకిల్

“సీతా, సైకిల్ ఆడనే ఉంది గదా? సార్లు చూడనీకి వస్తున్నరు. ఫికర్ చెయ్యకు. సైకిల్ చూస్తే నన్ను ఇడిచిపెడ్తరు.”

నర్సింహ ఇంకేదో చెప్పబోయాడు. ఎవరో ఫోన్ లాక్కున్నారు.

సీతాబాయి మొగుడు నర్సింహ ఆ కొండాపూర్ అపార్ట్‌మెంట్‌కి వాచ్‌మన్. తెల్లారుజామున వాకింగ్‌కి బయలుదేరిన మూడో అంతస్తు కమలమ్మగారిని ఎవడో రాడ్డుతో కొట్టి, మెడలో గొలుసు తెంపుకుపోయాడు. ముసుగు కట్టుకుని సైకిల్ మీద పారిపోవడం కెమెరాలో పడింది. ఆవిడ ఆసుపత్రిలో కొన ఊపిరితో ఉంది. బిల్డింగంతా కార్లూ బైకులే, సైకిల్ ఉన్నది నర్సింహ ఒక్కడికి. ఇంకేం కావాలి పోలీసులకి? పొద్దున్నే ఎత్తుకెళ్లారు.

సీతాబాయి సెల్లార్‌లోకి పరుగెత్తింది. మెట్లు ఊడ్చే గంగమ్మ వెనకే వచ్చింది.

“ఏందక్కా, చక్రాలకు గా ఎరుపు?”

“జంగు.”

“నువ్వంటవు జంగని. నెత్తురని వాళ్లంటే? పచ్చకామెర్లోనికి లోకమంత పచ్చగనే కనబడ్తది.”

సీతాబాయి వంగి చూసింది. చూసేకొద్దీ అది నెత్తురులాగే ఉంది.

బాత్రూం యాసిడ్ తెచ్చి గుమ్మరించింది. ఇనుప పీచుతో ఒక్కో పుల్లనీ తుప్పు వదిలేదాకా తోమింది. చక్రం మొరాయిస్తే గంగమ్మ ఇరుసులో కొబ్బరినూనె పోసి, బలంకొద్దీ లాగింది.

“జల్ది కానియ్యక్కా.”

వేళ్లు భగభగ మండుతున్నా సీతాబాయి ఆపలేదు. కట్టుకున్నోడి కోసం ఆ మాత్రం ఓర్చుకోలేదా ఏం? ఎర్రనీళ్లను చీపురుతో కాలువలోకి తోసేసింది. అప్పుడే జీపు వచ్చి ర్యాంపు మీద ఆగింది.

ముందు ఎస్సై దిగాడు. సైకిల్ దగ్గర వంగి, వెనక చక్రం పైకెత్తి ఒక్క తోపు తోశాడు. చప్పుడు లేకుండా గిర్రున తిరిగింది. ఆయన తలెత్తి సీతాబాయి తడి చేతుల వంక చూశాడు.

“మంచిగ చూడుండ్రి సార్. ఏడ మరక లేదు,” అందామె.

బేడీలతో జీపు వెనక నుంచి దిగుతూ నర్సింహ అక్కడి నుంచే ధీమాగా అన్నాడు.

“ఇప్పుడన్న నమ్ముతరా సార్? ఆరేండ్ల సంది జంగు పట్టి, గా చక్రం తిరగనే తిరగది.”