ఎక్కిళ్ళు

2061 ఆగస్టు తొమ్మిది నాకు బాగా గుర్తు. ఆ పొద్దున దిబ్బరొట్టె, అల్లప్పచ్చడి తిన్నాం. తొమ్మిదో నెలలో బిడ్డ కిందికి దిగడంతో మా అమ్మాయి ఇందుజకు ఊపిరి సులువైంది, గుండెల్లో మంట తగ్గింది. చాలా రోజుల తర్వాత రెండో ముక్క అడిగింది.

అంతలో ఆమె పొట్టకు కట్టుకున్న పట్టీ మాట్లాడింది. ఇప్పుడు గర్భిణులందరూ కట్టుకునేదే అది. బిడ్డ కదలికలను బట్టి బిడ్డ మనసు చెబుతుంది.

"పాపాయికి కోపం వచ్చింది."

ఇందుజ కంచం పక్కకు నెట్టేసింది. "పచ్చడి తిన్నాననే నాన్నా! పుట్టకముందే నా మీద అలిగింది." కళ్ళనిండా నీళ్ళు.

నేను పొట్ట మీద చెయ్యి ఆనించాను. లోపల ఒకే లయలో చిన్న చిన్న అదుర్లు. "కోపం కాదే పిచ్చిదానా, ఎక్కిళ్ళు. మీ అమ్మ కడుపులో నువ్వూ ఇంతే."

గోడ తెర మీదికి పిలిస్తే డాక్టరమ్మ చూసి నవ్వింది. "ఎక్కిళ్ళేనండీ. హాయిగా తినమ్మా."

పట్టీకి ఆ మాట కొత్త. "ఎక్కిళ్ళు ఎందుకు వస్తాయి?" అని అడిగింది.

"ఎవరైనా తలుచుకుంటే," అన్నాను రొట్టె వడ్డిస్తూ.

పాపం, అది నమ్మేసింది. ఎక్కిళ్ళు వచ్చినప్పుడల్లా "పాపాయిని ఎవరో తలుచుకుంటున్నారు" అనసాగింది.

"అమ్మేమో నాన్నా."

"మీ అత్తగారేమో!"

ఇందుజ పొట్ట పట్టుకుని నవ్వింది.

రాత్రి ఆమె వాచిన పాదాల కింద దిండు పెట్టాను. నిద్రపోయాక గుమ్మంలో నిలబడి కాసేపు చూశాను. పట్టీ గుసగుసగా మళ్ళీ అదే మాట అంది.

ఇంట్లో మేలుకుని ఉన్నది నేనొక్కణ్ణే. దొరికిపోయినవాడిలా నవ్వుకుని, చప్పుడు కాకుండా తలుపు మూశాను.